ముందు నువ్వు లగెత్తు

మా సత్తెమ్మత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసిన పొద్దున నేను మంచం అంచున కూర్చుని నా బూట్లకేసి చూస్తున్నాను. కొన్నాళ్ళుగా నా వ్యాయామం అదే. అలారం మోగుతుంది, లేస్తాను, ట్రాక్ ప్యాంటు వేసుకుంటాను, గుమ్మం పక్కనున్న బూట్లని కాసేపు చూస్తాను, ఆ తర్వాత ట్రాక్ ప్యాంటు మార్చి చీర కట్టుకుని కాఫీ పెట్టుకుంటాను. యానాం బళ్ళలో ఆటల టీచరుగా జీవితమంతా పనిచేసి, ఆయాసమొస్తోంది మేడం అన్న పిల్లల్ని "ఆయాసం అందరికీ వస్తుంది, ఇంకో రౌండు" అని గ్రౌండు చుట్టూ తిప్పిన మనిషిని నేను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని.

నన్ను లేవదీయడానికి పాపం చాలామందే చూశారు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు కాకినాడలో పరుగుల జట్టు నడుపుతున్న పిల్ల ఒకతె రోజూ ఒక సూక్తి పంపేది. ఉత్సాహం రాదు మేడం, మనమే తెచ్చుకోవాలి, అని. రాత్రే బట్టలు తీసి పెట్టుకోండి, చిన్న దూరంతో మొదలుపెట్టండి, ఒక లక్ష్యం రాసుకోండి, అని. అన్నీ నేను దానికి చెప్పినవే. అవే మాటలు తిరిగి నా దగ్గరికే వస్తుంటే ఎంత చప్పగా ఉన్నాయో తెలిసింది. మా తమ్ముడి కూతురు నా చేతికి ఒక వాచీ కట్టింది. ఎక్కువసేపు కూర్చుంటే లేచి కదలమని అది వణుకుతుంది. మా ఆయన పోయాక మా ఇంట్లో నన్ను పట్టించుకుని పలకరించేది ఆ వాచీ ఒక్కటే. అందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అసలు సంగతి వేరు. అది చెప్పాలంటే ముందు మా అత్త గురించి చెప్పాలి.

సత్తెమ్మత్త మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొద్ది రోజులకే మావయ్య వేటకెళ్ళి, నావ తిరగబడి సముద్రంలో పోయాడు. అత్త దరియాలతిప్పలో పుట్టింటికి వచ్చేసి, మా పెరట్లోనే ఒక పాక వేయించుకుని ఉండిపోయింది. పిల్లల్లేరు. మా ఇల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. చాప మీద ఎండుతున్న రొయ్యలు, వలలకి పట్టిన బురద, పొయ్యిలో మడ అడవి కట్టెల పొగ, వీటన్నిటి మీదా అత్త కాల్చే చుట్ట. అడ్డపొగ వేసేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. గట్టు మీద గాలికి చుట్ట ఆరిపోకుండా ఉండడానికి అదే ఉపాయమనేది. నిప్పు నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడేది, పాడేది, నన్ను తిట్టేది. సాయంత్రం చింతపండు పిప్పితో చేతులు రుద్దుకుని, వాసన చూసుకుని, "పోదే, ఇది పుట్టుకతో వచ్చింది" అనుకుంటూ అన్నానికి కూచునేది. పొద్దున వండిన పులుసు సాయంత్రానికే బాగుంటుందని దాని నమ్మకం. ఇప్పటికీ నేను చేపల పులుసు చేసిన పూట తినను, మర్నాటికి ఉంచుకుంటాను.

నాన్న తెచ్చిన చేపల్ని యానాం మార్కెట్టుకి మోసేది అత్తే. మా దరియాలతిప్ప నుంచి ఏటిగట్టు మీద నడక. బడిలో వేసినా, బడి వేళ దాకా నేను అత్త వెంటే. తెల్లారుతుండగా కాలి బొటనవేలు పట్టుకు లాగి లేపేది. లేపి ముందు నా తల దువ్వేది. కొబ్బరినూనె రాసి, రెండు జడలు బిగించి, ఎక్కడి నుంచి తెచ్చేదో గానీ ఆ వేళకే కనకాంబరాలు పెట్టేది. బొట్టు మటుకు అమ్మ చేత పెట్టించేది. కుంకం భరిణె తను ముట్టుకునేది కాదు. పక్కనే నిలబడి "ఇంకా పెద్దదెట్టమ్మాయ్, మసకలో కూడా కనపడాల" అనేది. అమ్మ మారుమాట లేకుండా పెద్దది చేసేది.

"చేపలమ్ముకోడానికి పూలెందుకత్తా?" అని అడిగాను ఒకసారి.

"నలుగురూ నిన్నే సూడాలే" అంది.

నేను పొంగిపోయాను. ఊళ్ళో ఆడపిల్లలెవరికీ అలా రోజూ సింగారించే అత్త లేదు.

మిగతా ఆడవాళ్ళంతా గుంపుగా, ఒకళ్ళ మీద ఒకళ్ళు పరాచికాలాడుకుంటూ ముందే వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ నవ్వులు వినపడనంత దూరం పోయాక గాని అత్త తట్ట తలకెత్తుకునేది కాదు. "వాళ్ళతో పోదామత్తా" అంటే "ఆళ్ళ వాగుడు నాకు పడదే" అనేది. అందరికన్నా ఎక్కువ వాగేది మా అత్తే. అయినా నాకు అనుమానం రాలేదు. తలమీద చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్ట మీద తడి గోనె. గోనె నుంచి కారే నీళ్ళు మెడమీద పడకుండా నడుములోంచి ఒక ఊపు తీసుకుని నడిచేది. అది నడకా కాదు, పరుగూ కాదు. ఎడంపక్క గోదారి, కుడిపక్క మడ అడవి, మధ్యలో గట్టు మీద మేమిద్దరం.

దూరంగా ఎవరైనా ఎదురొస్తున్నట్టు కనపడితే చాలు, అత్త గొంతు మారిపోయేది.

"ముందు నువ్వు లగెత్తవే!"

"ఎందాకా?"

"ఆ మనిసి దాకా. ఎల్లి పలకరించు. నవ్వుతా పలకరించు. ఎక్కడికని మటుకు అడక్కు."

నేను లగెత్తేదాన్ని. జడలు ఎగిరిపడుతుంటే, గచ్చకాయ గింజలా దొర్లుకుంటూ పోయి ఆ మనిషికి అడ్డంగా నిలబడి "బాబాయ్, బాగున్నావా" అనేదాన్ని. పడవ మీదికి పోతున్న బాబాయో పెదనాన్నో నా మొహం చూసి, "ఏటే రత్నం, పొద్దున్నే పెళ్ళికూతుర్లా తయారయ్యావ్" అని నవ్వుకుంటూ పోయేవాడు. వెనక్కి తిరిగి చూస్తే గట్టు మీద అత్త ఉండేది కాదు. కింద, నీళ్ళంచున, మాకు వీపు పెట్టి, తల మీద తట్టతో అలాగే నిలబడి ఉండేది. ఆ మనిషి దాటిపోయాక మెల్లగా గట్టెక్కి వచ్చేది. అదొక ఆటనుకున్నాను. నేను ముందు చేరడం, అత్త దాక్కోవడం. "గెలిచానా?" అనేదాన్ని రొప్పుతూ. "గెలిచావే" అనేది. ఒక్కసారి మాత్రం మర్చిపోయి వేటకెళ్ళే ఒకాయన్ని "ఎక్కడికి బాబాయ్?" అని అడిగేశాను. ఆయన మొహం చిట్లించుకుని గట్టు మీదే చతికిలబడ్డాడు. ఆ రోజు అత్త నా వీపు మీద ఒకటిచ్చింది. తర్వాత దారంతా తనే ఏడ్చింది.

సగం దారిలో ఒక తూముండేది. కాలవనీళ్ళు గోదాట్లో కలిసేచోట సిమెంటు దిమ్మ. అత్త తట్ట దించేది అక్కడే. తట్టని ఒంటరిగా దించుకోవచ్చు గాని ఒంటరిగా తలకెత్తుకోలేరు, అవతల ఒక చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి నాది. అడ్డపొగ ఒకటి కాల్చుకుని, "ఊ, పట్టు" అనేది. నేను మునివేళ్ళ మీద లేచి నా బలమంతా పెట్టి ఎత్తేదాన్ని. మోసింది తనే అయినా "నువ్వు లేకపోతే ఎట్టాగే" అనేది. ఆ మాట కోసం నేను రోజూ లేచేదాన్ని. పరుగుకి ఉత్సాహం ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలని ఈ కాలం పిల్లలు నన్ను అడిగితే నా దగ్గర సమాధానం లేకపోవడానికి కారణం అదే. నేను ఎప్పుడూ తెచ్చుకోలేదు. ఎవరో ఒకరు వెనకాల నుంచి అరిచేవాళ్ళు.

బళ్ళో పరుగు పందెం పెట్టినప్పుడు పై తరగతుల ఆడపిల్లల్ని కూడా దాటేసి వచ్చాను. మా డ్రిల్లు మాస్టారు నా కాళ్ళకేసి, నా మొహంకేసి మార్చి మార్చి చూసి "ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నారు. "మా అత్తండి. ముందు లగెత్తమంటాదండి, కాసేపు ఆగమంటాదండి, మళ్ళీ లగెత్తమంటాదండి" అన్నాను. గ్రౌండంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. పెద్ద పెద్ద పరుగులవాళ్ళని అలాగే తయారుచేస్తారని చెప్పారు. ఆ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెబితే అత్త "మంచిదే గదా మరి" అని లేచి లోపలికి పోయింది. పందేలు చూడ్డానికి రమ్మంటే ఒక్కసారీ రాలేదు. "నేనెందుకే అక్కడికి, అందరూ కొత్త బట్టలు కట్టుకొచ్చేచోటికి" అనేది. నేను గెలిచి తెచ్చిన కప్పుతో మటుకు మార్కెట్లో రొయ్యలు కొలిచేది. "మా రత్నం కప్పు, తక్కువ పట్టదు" అని కొసరాడేవాళ్ళ నోరు మూయించేది. ఆ కప్పు సొట్టలు పడి, పిడి ఊడిపోయి, చివరికి ఉప్పు గిన్నెగా మిగిలింది.

ఆటల టీచరు చదువుకి నన్ను పాండిచ్చేరి పంపారు. మా యానాం వాళ్ళకి పెద్ద ఊరంటే పక్కనున్న కాకినాడ కాదు, ఎక్కడో అరవదేశంలో ఉన్న పాండిచ్చేరి. రైలందుకోడానికి నేనెక్కిన కాకినాడ బస్సు కదిలే వేళకి అత్త తట్ట తలమీద పెట్టుకుని మార్కెట్టు వైపు పోతూ కనిపించింది. నన్ను సాగనంపడానికి రాలేదు, ఇంటి దగ్గరే తల నిమిరి తట్టకి గోనె కప్పుకుంది. బస్సు కిటికీలోంచి సగం బయటికి వంగి "అత్తా" అని పిలిచాను. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు మార్కెట్టు మొగదల ఉన్నవాళ్ళంతా నాకేసి చూశారు. అత్త మాత్రం తిరగలేదు. నడుములో ఆ ఊపుతో అలా పోతూనే ఉంది. పాండిచ్చేరి హాస్టల్లో చాలా రోజులు ఆ వీపు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. కోపమూ వచ్చేది.

తిరిగొచ్చి ఉద్యోగంలో చేరాక యానాంలోనే కాపురం. మా ఆయనది ఇక్కడే గవర్నమెంటాఫీసులో పని. నేను పొద్దున్నే పరిగెత్తడానికి పోవడం పెళ్ళైన కొత్తలో వీధివాళ్ళకి వింత. ఆయనకి కాదు. ఆఫీసుకి తయారై, సైకిలు స్టాండు తీసి పట్టుకుని, నేను వీధి మలుపు తిరిగి గేటు దగ్గరికొచ్చేదాకా కదిలేవాడు కాదు. నేను చెమటలు కక్కుతూ ఎదురొస్తే అప్పుడు పెడలు తొక్కేవాడు. "పుణ్యస్త్రీ ఎదురైంది, ఇంక ఆఫీసర్ కూడా ఏమీ పీకలేడు" అనేవాడు. "ఈ కంపుతోనా?" అంటే "శకునానికి ముక్కుండదు" అనేవాడు. రిటైరయ్యాక ఆఫీసు లేదు, అయినా కూరగాయల సంచీ పట్టుకుని గేటు దగ్గర కాచుకునేవాడు. తోటకూర తేవడానికి కూడా నేను ఎదురు రావాలి. ఎన్నోసార్లు ఒళ్ళు బద్ధకించి మానేద్దామనుకుని, గేటు దగ్గర ఆ మనిషి సంచీతో నిలబడిపోతాడే అనుకుని వెళ్ళాను. నా పరుగుకి వెనకున్న పట్టుదల ఇదీ. నేను రిటైరైనప్పుడు సన్మానసభలో దీన్ని క్రమశిక్షణ అన్నారు. నేనూ కాదనలేదు.

ఆయన పోయాక ఆర్నెల్లు గడప దాటలేదు. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున మనసు చిక్కబట్టుకుని బూట్లు కట్టుకున్నాను. గోదారి గట్టు దాకా పోయి తిరిగొస్తున్నాను. బాగానే పరిగెత్తాను, ఊపిరి కూడా ఆడింది. మా వీధి మలుపు తిరిగేసరికి పక్కింటాయన కొడుకుని బండెక్కించుకుని బయల్దేరుతున్నాడు. అబ్బాయికి ఆ రోజు ఏదో ఉద్యోగపు పరీక్ష. నన్ను చూసి ఆయన బండి ఆపాడు. నవ్వుతూ "బాగున్నారాండి" అన్నాడు. తర్వాత కొడుకుతో చిన్నగా "ఒక్క నిమిషం రా" అని లోపలికి తీసుకుపోయాడు. తలుపు తీసే ఉంది. ఆ అబ్బాయి కుర్చీలో కూర్చుని స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తాగడం నాకు కనపడింది. దాహం వేసినవాడు తాగినట్టు తాగలేదు. ఒక గుక్క తాగి, కాసేపు కూర్చుని లేచాడు, మళ్ళీ ఇద్దరూ బయల్దేరారు. అప్పటికి నేను గేటు లోపల ఉన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. మా ఆయన పాడె మోసినవాళ్ళలో ఒకడు. ఏమో, ఆ పిల్లాడికి నిజంగానే దాహం వేసిందేమో. కాని మర్నాటి నుంచి నా కాళ్ళు ఆడలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నదాన్ని, పదిమందికి చెప్పినదాన్ని, ఒక గ్లాసు నీళ్ళకి పడిపోయానంటే ఎవరు నమ్ముతారు? మోకాళ్ళంటే అందరూ నమ్ముతారు.

అత్త పెద్ద ప్రాయంలో పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరి చేతా చేయించుకోలేదు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. తలాపు దగ్గర చుట్టల కట్ట పెట్టారు. తమ్ముడే కొడుకై నిప్పు పట్టుకున్నాడు. శ్మశానానికి దారి ఆ గట్టు మీదుగానే. ఇప్పుడది తారురోడ్డు. మా ఆడవాళ్ళు పాడె వెంట దింపుడు కళ్ళం దాకా వెళ్ళొచ్చు, అక్కణ్ణుంచి వెనక్కి తిరగాలి. తూము దగ్గర పాడె దించారు. పాత సిమెంటు దిమ్మ ఇంకా ఉంది, పక్కన కొత్తది కట్టారు. సరిగ్గా అత్త తట్ట దించేచోట అత్తని దించారు.

ఒకవేళ ప్రాణముందేమోనని చివరి ఆశగా చెవిలో మూడుసార్లు పిలుస్తారు. తమ్ముడు వంగి "అత్తా" అన్నాడు. పెద్దలెవరో "నువ్వూ పిలవమ్మా, నిన్నే పెంచింది" అన్నారు. వంగాను. అత్త దగ్గర ఇంకా చుట్ట వాసన, దాని వెనకాల ఎంత కడిగినా పోని చేపల వాసన. పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలుస్తుంటే బస్సు కిటికీ గుర్తొచ్చి నా వల్ల కాలేదు. నలుగురు మగాళ్ళు "ఊ, పట్టు" అనుకుని పాడె ఎత్తారు. ఎంత సులువుగా ఎత్తారో! మా అత్తని ఎత్తడానికి ఆ చోట నలుగురు మనుషులుండడం అదే మొదటిసారి.

వెనక్కి తిరిగి నడుస్తుంటే పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది. పోలమ్మ మా అత్త ఈడుది, పక్క పాకలోనే ఉండేది, ఆ గుంపులో నవ్వుకుంటూ ముందు వెళ్ళిపోయే ఆడవాళ్ళలో ఒకతె. ఇప్పుడు నడుం వంగి, కర్ర పట్టుకుని నడుస్తోంది. ఏడుపు మధ్య ఏదో ఒకటి మాట్లాడాలని, మా అత్తే నా మొదటి కోచ్ అని బళ్ళో పిల్లలకి చెప్పేదాన్నని, నన్ను ముందు పరిగెత్తించి పరుగు నేర్పిందని చెప్పాను. పోలమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"పరుగు నేర్పడానికి లగెత్తించిందనుకుంటన్నావేటే ఇన్నాళ్ళూ?"

"మరి?"

"మొగుడు పోయిన మనిసి కదే. ఏటకెళ్ళేవోళ్ళకి పొద్దున్నే ఎదురైతే ఊరుకుంటారా? ఒకసారి అది ఎదురొచ్చిందని నావ వెనక్కి తిప్పేశారు. ఊరంతా తిట్టారు. మేం కూడా అన్నాంలే, అనలేదని ఎందుకు సెప్పాల. మాతో కలిసి రావొద్దన్నాం. అప్పుటి నుంచీ నీకు బొట్టెట్టి, పూలెట్టి ముందు తోలేది. ఎవరొచ్చినా ముందు ఆడపిల్ల మొగం సూత్తారు గదా, ఆ లోపు అది గట్టు దిగిపోయేది."

నేను గట్టు వాలు వైపు చూశాను. ఇప్పుడక్కడ రాళ్ళు పేర్చారు. దిగడానికి వీల్లేదు.

"నాకెందుకు చెప్పలేదు పోలమ్మా?"

"నేను సెప్పేత్తానంటే నా నోరు మూసింది. పిల్లకి తెలిత్తే కాళ్ళాడవే, అంది."

నా కాళ్ళు నిజంగానే ఆగిపోయాయి. పోలమ్మ కర్ర మీద వాలి నాకోసం ఆగింది.

"నువ్వు సదువుకెళ్ళిపోయాక గట్టెక్కడం మానేసింది. అడవిపొలం ఊరి మీంచి సుట్టూ తిరిగి పొయ్యేది, సెరువు గట్ల మీద. అక్కడ ఎదురొచ్చేవోళ్ళు ఉండరు. ఎత్తేవోళ్ళూ ఉండరు. ఇంటికాడ నెత్తికెత్తుకుంటే మార్కెట్లోనే దించేది. మెడ వంకర పోయింది సూళ్ళేదా? పక్కకి తిరగలేకపోయేది."

చూశాను. ముసలితనం అనుకున్నాను. సెలవులకి వచ్చినప్పుడల్లా అత్త మొహం నా వైపు తిప్పడానికి ఒళ్ళంతా తిప్పేది. పశ్చాత్తాపమని అనను, పసిదాన్ని, నాకేం తెలుసు? దుఃఖం మాత్రం ఉంది. నేను గర్వపడ్డ ప్రతి పరుగు వెనకా ఒక మనిషి నీళ్ళంచున వీపు తిప్పి నిలబడి ఉంది. బస్సులోంచి నేను పిలిచినప్పుడు తలమీద నిండు తట్టతో, ముందు నడవడానికి పిల్ల లేకుండా, మొదటిసారి ఒంటరిగా ఆ మార్కెట్టుకి పోతోంది. బరువు మోస్తున్న మనిషి తల తిప్పితే తట్ట పడిపోతుంది. అంత చిన్న సంగతి నాకు తట్టడానికి ఒక జన్మ పట్టింది.

పెద్దకర్మ దాకా తమ్ముడింట్లోనే ఉన్నాను. అత్త పాకలో పడుకున్నాను. కాలం మారిపోయిందని వచ్చినవాళ్ళు మాట్లాడుకున్నారు. నిజమే. ఇప్పుడు ఆడవాళ్ళు ప్లాస్టిక్ టబ్బులు షేరాటోలో వేసుకుని మార్కెట్టుకి పోతున్నారు. ఎవరూ గట్టు దిగనక్కర్లేదు. మొగుడు పోయినవాళ్ళు కూడా అందరితో పాటే ఆటో ఎక్కి, సెల్లులో పాటలు పెట్టుకుని వెళ్తున్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు, అత్తని అన్నట్టు తిట్టలేదు. నాకెదురైంది ఒక నవ్వు, ఒక పలకరింపు, ఒక గ్లాసు మంచినీళ్ళు. అత్తకైతే నావ తిప్పేశారు, అందుకే అది ఏడ్చి, తిట్టి, ఉపాయం చేసుకుని, బతికింది. నా దానికి ఏ ఉపాయం చెయ్యను? ఏమైనా అందామంటే అక్కడ అనడానికే ఏమీ లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు తెల్లారుతుండగా లేచాను. బొటనవేలు లాగినవాళ్ళెవరూ లేరు. బూట్లు తెచ్చుకున్నానని అప్పటిదాకా నాకే తెలియనట్టు నటించాను, సంచీ అడుగున ఉన్నాయి. పాక గుమ్మంలో కూర్చుని కట్టుకున్నాను. తమ్ముడు వరండాలోంచి చూశాడు.

"ఆటో పిలవనా అక్కా?"

"వద్దురా. పరిగెత్తుకుంటూ పోతాను."

"ఇంటిదాకానా? మోకాళ్ళన్నావ్?"

"మోకాళ్ళకేం, బాగానే ఉన్నాయి" అన్నాను.

గట్టెక్కాను. మొదట్లో కాళ్ళు కొయ్యబారి, ఊపిరి పట్టేసి, నాలుగడుగులకే ఆగిపోదామనిపించింది. కాకినాడ పిల్ల సూక్తి ఒక్కటీ గుర్తుకు రాలేదు. మడ అడవి వైపు నుంచి బురద వాసన వచ్చింది. తూము దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు కాస్త వేడెక్కింది. దిమ్మ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాను. ఈసారి ఎత్తడానికేమీ లేదు.

తూము దాటాక, దూరంగా మోపెడ్ ఒకటి ఎదురొస్తూ కనపడింది. వెనక సీటు మీద వల మూటగట్టి ఉంది. వేటకెళ్ళే మనిషి. నా కాళ్ళు వాటంతటవే పక్కకి, గట్టు అంచుకి జరిగాయి. కింద రాళ్ళు, రాళ్ళ కింద నీళ్ళు, అత్త వీపు పెట్టి నిలబడే చోటు. ఆ అంచున రెండడుగులు వేశాను కూడా. ఆ కుర్రాడికి మంచి జరగాలని ఉంది నాకు. నావ నిండా చేపలు పడాలని ఉంది. ఎదురుపడి ఆ మనిషిని వెనక్కి తిప్పే దాన్ని కాకూడదని ఎంత ఉందో చెప్పలేను. మా అత్తకి కూడా ఇంతే ఉండేదని అప్పుడు తెలిసింది. అది తన కోసం కాదు, వాళ్ళ కోసమే దిగిపోయేది.

"ముందు నువ్వు లగెత్తవే" అన్నమాట చెవిలో పడలేదు, అబద్ధం చెప్పను. నేనే అనుకున్నాను, పైకే అనుకున్నాను. రోడ్డు మధ్యకి వచ్చాను. ఆ మనిషికి ఎదురుగా లగెత్తాను. నుదుట రూపాయంత బొట్టు లేదు, జడలో పూలు లేవు. దగ్గరికి రాగానే నవ్వుతూ "బాగున్నావా బాబూ" అన్నాను. ఎక్కడికని అడగలేదు. కుర్రాడు తలూపి పక్కనుంచి దాటిపోయాడు.

కాస్త దూరం పోయాక వెనకాల మోపెడ్ చప్పుడు ఆగినట్టనిపించింది. వెనక్కి తిప్పుకున్నాడో, వల జారితే సర్దుకుంటున్నాడో, గాలి మళ్ళి చప్పుడు వినపడలేదో. ఇదివరకైతే తిరిగి చూసేదాన్ని. చిన్నప్పుడు ప్రతిసారీ తిరిగి చూశాను, గట్టు మీద అత్త కనపడేది కాదు. ఇప్పుడు తిరిగినా కనపడదు. నేను తిరగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, తల నిలబెట్టుకుని, అత్త గట్టు దిగక్కర్లేకుండా నా వెనకే వస్తున్నట్టు యానాం వైపు పరిగెత్తాను.